సగం పాట: బాలిలో ఎనిమిది రోజులు

మొదటి రోజు

ఉబుద్‌కి దక్షిణాన ఆనుకుని ఉన్న పెంగోసెకాన్‌లో గది తీసుకున్నాను. ఎయిర్‌పోర్టు నుంచి 40 కిలోమీటర్లు కూడా లేదు, అయినా ట్రాఫిక్ పుణ్యమా అని రెండు గంటలు పట్టింది. గది ఉన్నది ఒక ఇంటి ఆవరణలోనే. ఇంటావిడని అందరూ ‘ఇబు’ అంటున్నారు, అంటే అమ్మ. నేనూ అలాగే పిలిచాను.

రాత్రి ఎనిమిదిన్నరకి నడుం వాల్చబోతుంటే, వీధి చివర ఎవరో స్టీలు సామాన్ల కొట్టుని మేడ మీంచి తోసేసినట్టు ఒక్కసారిగా చప్పుడు. మరుక్షణం పూర్తి నిశ్శబ్దం. మళ్ళీ అదే చప్పుడు, అచ్చం అంతే పొడవు, మళ్ళీ నిశ్శబ్దం. దొర్లిపడ్డ సామాన్లు రెండుసార్లు ఒకేలా దొర్లవు కదా. చెప్పులేసుకుని బయల్దేరాను.

అది బలె బంజర్. బంజర్ అంటే మన బంజరు భూమి కాదు, ఊళ్ళో ఒక పేట. ఆ పేటవాళ్ళందరికీ ఉమ్మడిగా ఉండే మండపమే బలె బంజర్. నాలుగు పక్కలా గోడల్లేని ఆ మండపంలో పాతికమంది మగవాళ్ళు రెండు కాళ్ళూ మడిచి కూర్చున్నారు. లుంగీలు, టీషర్టులు, మధ్యలో కాఫీ గ్లాసులు, సిగరెట్ పొగ. ముందు వాళ్ళ పిల్లలు, వెనక అరవై దాటినవాళ్ళు. ఒక్కరి దగ్గరా కాగితం లేదు. మధ్యలో ఉన్న మద్దెల మనిషి తల ఆడిస్తే పాతిక సుత్తులు ఒకేసారి కంచు మీద పడ్డాయి. గమెలాన్ అంటారు ఈ కంచు వాయిద్యాల మేళాన్ని.

బాగా చూద్దామని ముందుకెళ్ళబోయి, నేల మీదున్న ఒక చిన్న గాంగ్‌ని దాటబోయాను. నాలుగు వైపుల నుంచి ‘ఏయ్’ అన్నారు. వాయిద్యాన్ని దాటకూడదట. పుస్తకం కాలికి తగిలితే కళ్ళకద్దుకునే ఇంట్లో పుట్టినవాణ్ణి, నాకు ఎవరూ వివరించక్కర్లేకపోయింది. చుట్టూ తిరిగొచ్చి స్తంభం పక్కన కూర్చున్నాను.

రెండో రోజు

పొద్దున కాఫీ ఇస్తూ ఇబు చెప్పింది. ఆ వాయిద్యాలు ఎవరి సొంతమూ కావు, బంజర్‌వి. వాయించే బృందాన్ని ‘సెకా’ అంటారు. రాత్రి నేను చూసినవాళ్ళలో ఒకాయన టూరిస్టు కారు డ్రైవరు, ఒకాయన చెక్క బొమ్మలు చెక్కుతాడు, ఇద్దరు హోటల్లో పనిచేస్తారు. గుళ్ళో ఉత్సవం వస్తే వీళ్ళు వాయించాలి. దానికి డబ్బులు ఉండవు. అలా చేసే సేవని ‘ఙాయః’ అంటారు. ‘‘అందరికీ ఇష్టమేనా?’’ అని అడిగాను. ఆవిడ నవ్వి, ‘‘ఇష్టం సంగతి ఎవరడుగుతారు? రాకపోతే ఎందుకు రాలేదని అడుగుతారు’’ అంది.

ఈ మాట నాకు గుచ్చుకుంది. మా ఊళ్ళో రామాలయం భజన బృందం నా చిన్నప్పుడే ఆగిపోయింది. ఎందుకు రాలేదని అడిగేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గారు, అంతే. హార్మోనియం ఇప్పటికీ గుడి బీరువాలో ఉంది.

సాయంత్రం పాఠం. సెకాలో వాయించే ఒకాయన నేర్పిస్తానన్నాడు. ఆయన్ని ‘బ్లి’ అనాలి, అంటే అన్నయ్య. నా ముందు పెట్టినది గాంగ్సా. వెదురు గొట్టాల మీద వేలాడే పది కంచు పలకలు, చేతికి ఒక చెక్క సుత్తి. బ్లి ఎదురుగా కూర్చుని అటు వైపు నుంచి, అంటే తనకి తలకిందులుగా వాయిస్తాడు. నేను ఆయన సుత్తి ఎటు పోతే అటు పోవాలి. ‘గురువు సుత్తే’ అని ఇక్కడివాళ్ళ మాట. మన సరిగమల్లాగ వీళ్ళకి డింగ్, డొంగ్, డెంగ్, డుంగ్, డంగ్ అని అయిదు స్వరాలున్నాయి గానీ, పాఠంలో ఆయన వాటిని పలకనే లేదు.

కొట్టడం కష్టం కాదు, ఆపడమే కష్టం. కుడిచేత్తో కొత్త పలకని కొడుతున్న క్షణంలోనే ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలుతో పాత పలకని పట్టుకోవాలి. లేకపోతే ఆ కంచు మోగుతూనే ఉంటుంది, స్వరాలన్నీ పులుసైపోతాయి. చిన్నప్పుడు నాలుగేళ్ళు మృదంగం నేర్చుకున్నాను. ఆ ధీమా పది నిమిషాల్లో దిగిపోయింది.

తర్వాత అసలు విషయానికొచ్చాం. రాత్రి నేను విన్న ఆ మెరుపు వేగం ఏ ఒక్కరి చేతిదీ కాదు. స్వరాల వరుసని రెండుగా విడగొట్టి ఇద్దరికి పంచుతారు. దాన్ని ‘కొటెకాన్’ అంటారు. ఒకరిది ‘పొలోస్’, రెండోవారిది ‘సంగ్సిహ్’. ఒకరి సందుల్లో మరొకరు పడతారు. విడిగా వింటే రెండూ నత్తినత్తిగా ఉంటాయి. కలిస్తే మనిషి చేతికి సాధ్యం కాని వేగంతో ఒకటే పాట. నాకు సంగ్సిహ్ ఇచ్చారు. ఇంటికెళ్ళి సాధన చేద్దామంటే కుదరదు, సగం పాటని ఒక్కడివీ ఎంతసేపు వాయించుకుంటావు? సాధనకి పక్కవాడు కావాలి, పక్కవాడి కోసం మండపానికి రావాలి. ఎవరు కనిపెట్టారో గానీ, మనుషుల్ని ఇంట్లోంచి బయటికి లాగడానికి ఇంతకన్నా గట్టి తాడు ఉండదు.

వాయిద్యాలూ జంటలే. ప్రతి జంటలో ఒకదాని శ్రుతి కావాలనే కాస్త తక్కువగా, రెండోదాని శ్రుతి కాస్త ఎక్కువగా పెడతారు. తక్కువదాని పేరు పెంగుంబంగ్, ఎక్కువదాని పేరు పెంగిసెప్. మొదటి పేరులో తుమ్మెద ఝుంకారం, రెండోదాంట్లో తేనె పీల్చడం ఉన్నాయని బ్లి చెప్పాడు. రెండూ కలిసి మోగితే శబ్దం సెకనుకి అయిదు నుంచి పది సార్ల మధ్య వణుకుతుంది. ఆ వణుకుకి పేరు ‘ఒంబాక్’, అంటే అల. అది లేకపోతే కంచు చచ్చిపోయినట్టే అంటారు. తంబూరా శ్రుతి వెంట్రుకవాసి తప్పినా మొహం చిట్లించే మనకి ఇది జీర్ణం కావడానికి ఒక పూట పడుతుంది.

మూడో రోజు

క్లుంగ్‌కుంగ్ దగ్గర తిహింగాన్. గాంగ్‌లు చేసే ఊరు. కంచు పని చేసేవాళ్ళని ఇక్కడ ‘పాండె’ అంటారు, మన కంచరి వాళ్ళ లాగా.

వీధిలో నడుస్తుంటే ఆకురాయి గీకుతున్న చప్పుడు ఇంటింటా వినిపిస్తోంది. మేం వెళ్ళిన కొలిమిలో పట్టపగలు చీకటి. పొదుపు కోసం కాదు, కాలిన కంచు రంగు కంటికి తెలియాలంటే వెలుతురు ఉండకూడదు. ఎరుపు ఎక్కడ నారింజ అయిందో చూసి సుత్తి ఎత్తాలి. పదిపాళ్ళ రాగికి మూడుపాళ్ళ తగరం. తగరం ఎక్కువున్న ఈ కంచు గంటలా మోగుతుంది గానీ పెళుసు. చల్లారాక సుత్తి పడితే పగులుతుంది, అందుకే కాల్చడం, నాలుగు దెబ్బలు కొట్టడం, మళ్ళీ కాల్చడం. ముగ్గురు వంతులవారీగా కొడుతున్నారు, ఒకరి దెబ్బ పడ్డ సందులో ఇంకొకరిది. పొలోస్, సంగ్సిహ్‌లు కొలిమిలోనే మొదలవుతాయన్నమాట. (ఈ మాట పైకి అంటే కొలిమి పెద్దాయన నా వైపు జాలిగా చూశాడు. ముందు వచ్చిన టూరిస్టులు కూడా ఇదే అని ఉంటారు.)

బాగా పెద్ద గాంగ్‌లు మాత్రం ఎక్కువగా జావా నుంచి తెప్పించుకుంటారట.

పక్క గదిలో శ్రుతి చేస్తున్నారు. పలకని చివర్లలో గీకితే స్వరం పెరుగుతుంది, అడుగున మధ్యలో గీకితే తగ్గుతుంది. చేతిలో ఒక పాత వెదురు బద్దల కట్ట. శ్రుతి కొలత అదే. డెన్పసార్‌కో ఉబుద్‌కో ఒక్కటే శ్రుతి అనేది లేదు. ప్రతి సెట్టుకీ దాని శ్రుతి దానిదే. అందుకని ఈ బంజర్ గాంగ్సాని పట్టుకెళ్ళి ఆ బంజర్ సెట్టులో వాయించలేరు. మన దగ్గర విద్వాంసుడు తన వీణతో ఊళ్ళు తిరుగుతాడు. ఇక్కడ వీణ ఊరితోనే పుట్టి ఊళ్ళోనే ఉంటుంది, మనుషులే దాని దగ్గరికి రావాలి.

ఒక మూల విరిగిన పాత పలకల కుప్ప ఉంది. కరిగించడానికి తెచ్చినవట. నాకు ప్రాణం ఉసూరుమంది. మన దగ్గరైతే మ్యూజియంలో పెట్టమని ఉత్తరాలు రాసేవాళ్ళు. పెద్దాయనకి అదేమీ లేదు. కంచు పోదుగా అన్నాడు.

ఆ మాట వెనక చాలా చరిత్ర ఉంది. 1906లో బడుంగ్‌లో, 1908లో క్లుంగ్‌కుంగ్‌లో డచ్చివాళ్ళ తుపాకులకి ఎదురు నడిచి రాజకుటుంబాలు పరివారంతో సహా ప్రాణాలు వదిలాయి. పుపుతాన్ అంటారు దాన్ని. కొలువులు పోయాక, అక్కడి గమెలాన్‌లలో చాలా మటుకు ఊళ్ళ చేతికొచ్చాయి. పడకటింటి రాత్రుల కోసం మెత్తగా మోగే ‘సెమార్ పెగులింగాన్’, నలభైమందికి పైగా వాయించే గంభీరమైన ‘గాంగ్ గెడే’ లాంటివి. ఊళ్ళవాళ్ళు వాటిలో ఎన్నిటినో కరిగించి, అప్పుడే కొత్తగా వచ్చిన ‘గాంగ్ కెబ్యార్’ పోసుకున్నారు. మొదటి రాత్రి నన్ను గదిలోంచి లాక్కొచ్చింది ఆ కెబ్యారే. పిడుగులా విచ్చుకోవడం అని ఆ మాటకి అర్థం. అంటే ఇవాళ మనం ‘బాలి సంప్రదాయ సంగీతం’ అని వింటున్నదానికి నూరేళ్ళు దాటి ఎంతో కాలం కాలేదు. దాని ఒంట్లో ఉన్న కంచు మాత్రం అంతకన్నా పాతది.

పోయిన పాటల సంగతి? ఆ రోజుల్లోనే కొందరికి దిగులు పట్టుకుంది. 1928లో జర్మనీ కంపెనీలు ఒడియన్, బెకా ఇక్కడికొచ్చి గ్రామఫోను రికార్డులు తీశాయి. వాటిని న్యూయార్క్‌లో విని కెనడాలో పుట్టిన సంగీతకారుడు కోలిన్ మెక్‌ఫీ 1931లో బాలికి వచ్చేశాడు. ఉబుద్ పక్కనే సాయాన్‌లో ఇల్లు కట్టుకుని, వినబడకుండా పోతున్న సంగీతాన్ని రాసిపెట్టాడు, పిల్లల చేత ఒక బృందం కట్టించాడు. ఆ పాత రికార్డులని మన కాలంలో ఎడ్వర్డ్ హెర్బ్స్ట్ అనే పరిశోధకుడు, ఇక్కడివాళ్ళు కలిసి వెతికి బాలికి తిరిగి తెచ్చారు. తాతలు వాయించింది మనవలు విని మళ్ళీ నేర్చుకున్న సందర్భాలు ఉన్నాయి. పెద్దాయన అన్నట్టు కంచు పోదు. స్వరం పోతుంది, దాన్నే వెతుక్కోవాలి.

నాలుగో రోజు

ఎడమచేతి వేళ్ళు వాచాయి. బట్టలు ఉతికించుకున్నాను. రాత్రి ఉబుద్ రాజభవనంలో టూరిస్టుల ప్రదర్శన చూశాను. కుదించిన నాట్యాలు, చుట్టూ ఫోన్ల వెలుతురు. వెటకారం చేద్దామనే వెళ్ళాను గానీ వాయించేవాళ్ళు ఎక్కడా సర్దుకుపోలేదు. పైగా ఆ టిక్కెట్ డబ్బులో సెకాకి వచ్చే వాటాతో వాయిద్యాలకి మళ్ళీ శ్రుతి చేయించుకుంటారని బ్లి చెప్పాక నోరు మూసుకున్నాను.

అయిదో రోజు

ఉత్తరానికి. కింతమాని మీదుగా కొండెక్కి, పొగమంచులో బాతుర్ చెరువు కనబడకుండానే దిగి, కుబుతంబహాన్ దగ్గర సముద్రం చూసి, అక్కడి నుంచి జగరాగ.

కెబ్యార్ పుట్టింది ఈ బులెలెంగ్ ప్రాంతంలోనే, 1915 ప్రాంతంలో. దక్షిణం కన్నా అరవై ఏళ్ళ ముందే ఇక్కడ డచ్చి పాలన వచ్చేసింది. 1849లో జగరాగ కోట పడిపోయింది. రాజు నీడ తగ్గింది, ఊళ్ళ మధ్య పోటీ పెరిగింది. రెండు ఊళ్ళ బృందాలు ఎదురెదురుగా కూర్చుని, నువ్వా నేనా అని వాయించేవి. ఆ కసిలోంచే ఈ పిడుగు సంగీతం పుట్టింది. ‘తరుణ జయ’ అనే నాట్యానికి ఇవాళ ఉన్న రూపం ఇచ్చిన గదె మణిక్ ఈ ఊరివాడే. ఆ పేరు చూశారా, తరుణ జయ. మనం అక్షరం మార్చకుండా చదువుకోవచ్చు.

జగరాగలో పుర దలెం గుడి గోడల మీద ఉన్న శిల్పాలు చూసి చాలాసేపు నవ్వుకున్నాను. మోటారు కారులో వెళ్తున్న దొరలు, వాళ్ళని అడ్డగించిన దొంగ, సముద్రంలోకి కూలుతున్న విమానాలు. గుడి గోడ మీద! దేవుడి గోడకి కొత్త సంగతులు తగవని వీళ్ళకి ఎవరూ చెప్పినట్టు లేదు. వీళ్ళ సంగీతం తీరూ అదే.

ఇక్కడి గాంగ్సాలు వేరు. పలకలు వేలాడవు, మేకుల మీద కూర్చుంటాయి. శబ్దం కరుకుగా, పొడిగా ఉంటుంది. ఒక అరుగు మీద మాటల్లో దించిన పెద్దాయన (‘పాక్’ అనాలి, అంటే నాన్న) తన బాధ చెప్పుకొచ్చాడు. డెన్పసార్ కళాశాలలో చదివొచ్చిన కుర్రాళ్ళే ఇప్పుడు అన్ని ఊళ్ళలోనూ నేర్పిస్తున్నారు, పోటీలకి ఏది నప్పుతుందో అదే నేర్పిస్తున్నారు, మా ఊరి చేతివాటం పోతోంది అని. ఇది ఆయన ఒక్కడి మాట కాదు. 1960లో సంగీత పాఠశాల, 1967లో నాట్య అకాడెమీ వచ్చాక బాలి సంగీతానికి గురువుల కొరత తీరింది. అదే ఊపులో యాసలు అరిగాయి. టీవీ వచ్చాక మన జిల్లాల భాష ఏమైందో చూశాం కదా. ఆయన కోపం న్యాయమైనదే అనిపించింది. ఆయన మనవడు మాత్రం మా మాటలు పట్టించుకోకుండా అరుగు చివర కూర్చుని, యూట్యూబ్‌లో ఎవరిదో కెబ్యార్ పెట్టుకుని మోకాలి మీద సుత్తి ఆడిస్తున్నాడు.

ఆరో రోజు

ఇబు వాళ్ళ గుడి ఒడలాన్, అంటే వార్షికోత్సవం. వీళ్ళ లెక్కలో 210 రోజులకోసారి వస్తుంది. ప్రతి గుడికీ ఒకటి, గుళ్ళు లెక్కలేనన్ని, కాబట్టి సెకాలకి ఖాళీ ఉండదు. వాయిద్యాలకి కూడా 210 రోజులకి ఒక శనివారం పూజ ఉంది, తుంపెక్ క్రులుత్. మన ఆయుధ పూజనాడు హార్మోనియంకి బొట్టు పెట్టినట్టే.

నాకూ నడుముకి గుడ్డ, తలకి ఉదెంగ్ అనే తలగుడ్డ కట్టారు. లోపల ఒక మండపంలో మా సెకా నెమ్మదైన పాత కీర్తనల్లాంటివి వాయిస్తోంది. వాటిని ‘లెలంబతాన్’ అంటారు. పది అడుగుల అవతల ఆడవాళ్ళు ఇంకేదో పాడుతున్నారు. పూజారి గంట. అటు పక్క తోలుబొమ్మలాట. పట్టపగలు, తెర లేదు. రెండు కొమ్మల మధ్య కట్టిన ఒక నూలు దారం ముందు భీముడు, అర్జునుడు. పక్కన గెందేర్ అనే కంచు పలకల వాయిద్యం వాయించే ఇద్దరు. చూసేవాళ్ళు ఒక్కరూ లేరు, ఒక కుక్క తప్ప. మన తోలుబొమ్మలాటకి తెల్లవార్లూ జనం ఉండేవారు, జనం పోయాక ఆటా పోయింది. ఇక్కడ ఆట జనం కోసం కాదు, దేవుడి కోసం. ఆయన మధ్యలో లేచిపోడు.

ఇన్ని సంగీతాలు ఒకేసారి మోగుతుంటే తల తిరగదా అని ఇబుని అడిగాను. ‘‘రమే!’’ అంది సంతోషంగా. సందడిగా ఉంది అని. అలా ఉంటేనే పండగట.

ఆవిడ కూడా గాంగ్సా వాయిస్తుందని అప్పుడే తెలిసింది. బాలిలో ఆడవాళ్ళ సెకాలు గట్టిగా మొదలైంది 1980ల నుంచి. ఈవిడ పుట్టింటి బంజర్‌లో నేర్చుకుంది. పెళ్ళయి ఇక్కడికొస్తే ఈ బంజర్‌లో ఆడవాళ్ళ బృందం లేదు. శ్రుతి వేరు, పక్కవాళ్ళు లేరు. పదేళ్ళు సుత్తి ముట్టలేదట. తర్వాత వీధిలో మరో ముగ్గురు కోడళ్ళని పోగేసి మొదలుపెట్టింది. నైవేద్యాలు అల్లడం, వంట, పిల్లలు అయ్యాకే వాళ్ళ రిహార్సల్. ఎవరింట్లోనైనా మగాళ్ళు ఆ గంట పిల్లల్ని చూస్తారా అంటే, చేత్తో విసిరేసినట్టు ఒక సైగ చేసింది. తెలుగులో అయినా దానికి అదే అర్థం.

ఏడో రోజు

డెన్పసార్, బాలి కళోత్సవం. గవర్నరు ఇదా బాగుస్ మంత్ర హయాంలో, 1970ల చివర్లో మొదలైంది. జూన్ మధ్య నుంచి జులై మధ్య దాకా నెల రోజులు. రాత్రి అర్ధచంద్ర అనే ఆరుబయలు రంగస్థలంలో గాంగ్ కెబ్యార్. ద్వీపంలోని ఎనిమిది జిల్లాలు, డెన్పసార్ నగరం కలిపి తొమ్మిది బృందాలు వంతులవారీగా పోటాపోటీగా వాయిస్తాయి. వేదికకి అటొకటి, ఇటొకటి.

ఆటస్థలంలో ఉన్నట్టుంది. సొంత జిల్లా మద్దెల విరుపు పడగానే ఈలలు, అవతలివాళ్ళు తడబడితే వెక్కిరింతలు. కచేరీలో తల ఊపడం తప్ప తెలియని నేను రెండో అంకానికల్లా గొంతు పోగొట్టుకున్నాను, గియాన్యార్ వైపు, ఉబుద్ ఉన్న జిల్లా, నాకు అన్నం పెడుతున్న జిల్లా కాబట్టి. ఒక పాత లెలంబతాన్ తర్వాత ఈ ఏడాది కోసమే కట్టిన కొత్త రచన వచ్చింది. లయ ఎటు విరుగుతుందో పట్టుకోలేకపోయాను. జగరాగ పాక్ చెప్పిన తెగులు ఇక్కడ కనిపించింది కూడా. రెండు బృందాల మెరుగూ ఒకే పాలిష్‌లా ఉంది.

అయితే పాలిష్ ఒద్దనుకున్నవాళ్ళూ ఉన్నారు. మా పెంగోసెకాన్‌లోనే 1997లో చుడామణి అనే బృందం మొదలైంది. దేవ పుతు బెరాత నడుపుతున్న ఆ బృందం పాత పద్ధతులు తవ్వి తీస్తూనే ఊరి పిల్లలకి నేర్పిస్తోంది. తమ్ముడు దేవ అలిత్ ఇంకా దూరం వెళ్ళి, 2007లో సలుకత్ అనే సొంత బృందం పెట్టి, దానికి శ్రుతి తనే కొత్తగా కట్టి, ఆ శ్రుతిలో కంచు పోయించాడు. కొత్త ఆలోచన రాగానే కొలిమికే వెళ్ళాడు చూడండి. అంతకుముందు 1980ల్లో వయాన్ బెరాత అనే పెద్దాయన అయిదు స్వరాల కెబ్యార్‌కి మరో రెండు స్వరాలు కలిపి ‘సెమరందన’ అనే గమెలాన్ చేయించినప్పుడూ దారి ఇదే.

ఎనిమిదో రోజు

రాత్రి ఫ్లైటు. సాయంత్రం నాలుగింటికి బలె బంజర్‌లో చిన్నపిల్లల రిహార్సల్, వీడ్కోలు చెబుదామని వెళ్ళాను. పదీ పన్నెండేళ్ళ పిల్లలు, స్కూలు యూనిఫారాలు. సెకాలో వాయించే ఒకడి అన్నయ్య క్రూజు ఓడలో ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. అలా వెళ్తున్నవాళ్ళు ప్రతి బంజర్‌లోనూ ఉన్నారని బ్లి అన్నాడు. ఆ ఖాళీల్లోకి రావలసింది వీళ్ళే, అందుకే ఈ తొందర.

ఒక గాంగ్సా ముందు ఎవరూ లేరు. వాడికి జ్వరమట. బ్లి నా వైపు చూశాడు. నేను వెనక్కి చూశాను, వెనక ఎవరూ లేరు.

చుట్టూ తిరిగి వెళ్ళి కూర్చున్నాను. పక్కన పొలోస్ పిల్లాడు. ముందు పళ్ళు రెండు లేవు. మద్దెల మోగింది. మొదటి చుట్టు సరిగ్గా పడింది, రెండోదీ పడింది. ఆ రెండు చుట్లలో నా చేతిలోంచి వస్తున్నది ఏదో, వాడి చేతిలోంచి వస్తున్నది ఏదో నాకు తెలియలేదు. మూడో చుట్టులో ఆ సంగతే ఆలోచిస్తూ ఎడమచెయ్యి మర్చిపోయాను. పలక మోగుతూ ఉండిపోయింది. నాలుగోదాంట్లో మొత్తం జారిపోయింది.

పిల్లాడు తన వాయింపు ఆపలేదు. నా పలకని వాడి ఎడమచేత్తో పట్టుకుని ఆపాడు. చుట్టు అయ్యాక నా మొహం వైపు కూడా చూడకుండా, ‘‘లాగి’’ అన్నాడు.

మళ్ళీ, అని. ట్యాక్సీ ఆరింటికి. సుత్తి ఎత్తాను.